కీప్ అనే మాటకు మొదటి అర్థం

ఒక క్రియకు అర్థం రాయాలంటే ఆ పని జరుగుతుండగా ఓసారి కళ్లారా చూసి తీరాలన్నది అశ్వత్థనారాయణ గారి పట్టుదల. హిందూపురం దగ్గరి ఓ పల్లెలో కూర్చుని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూరుస్తున్న ఆ పెద్దాయన దగ్గర వైజయంతి శిష్యరికం చేసేది. చాదస్తమని ఊళ్లో నవ్వేవాళ్లు. నవ్వుకోనివ్వండి, అంత నిదానంగా పనిచేసేవాళ్లు ఉండబట్టే మనకు నాలుగు మాటలు సరిగ్గా మిగిలాయి.

ఆ ఉదయం 'కీప్' దగ్గర వైజయంతి కలం ఆగిపోయింది.

"ఇంగ్లీషువాళ్లు ఆవునూ కీప్ చేస్తారు, అంగడినీ చేస్తారు, ఇచ్చిన మాటనూ రహస్యాన్నీ చేస్తారు. పుట్టుక వెతుకుదామంటే ఏ సోదర భాషలోనూ దీనికి చుట్టం కనబడదు. ఒకప్పుడు గమనించడమనే అర్థం ఉండేదట, అది ఏనాడో పోయింది. నేను 'ఉంచుకొను' అని మొదట రాశాను. సరేనా గురువుగారూ?"

ఆయన నోరు విప్పేలోగా పక్కింటి అంజినమ్మ పట్టుపురుగుల తట్ట ఎత్తుకొచ్చింది.

"ఎండకు సచ్చినవి సావంగా మిగిలింది ఈ తట్టొక్కటే సామీ. మా ఆయప్పకు జొరం, ఆస్పత్రికి పిల్చుకపోతాండా. పొద్దుగూకేతలికి వస్తా, రోంత మీ ఇంట్లో పెట్టుకోండి."

ఆమె ఆ కారు పంట కష్టమంతా ఆ తట్టలోనే ఉంది. గురువుగారు దాన్ని అందుకుని శిష్యురాలికి అప్పగించారు.

వైజయంతి ఎంతో భద్రంగా దాన్ని లోపలి గదిలో పెట్టింది. అంజినమ్మ ఇచ్చిన మల్బరీ ఆకు కొంత పరిచి, పిల్లి వస్తుందేమోనని కిటికీ మూసి, తలుపు లాగి బయట గడియ పెట్టింది. నిశ్చింతగా వచ్చి తన పని చూసుకుంది.

మధ్యాహ్నం గురువుగారు గడియ తీసేసరికి గది పొయ్యిలా కాగుతోంది. ఆకుకు ఈనెలే మిగిలాయి. పురుగులు వాడిపోయి తట్ట అంచున వేలాడుతున్నాయి, కొన్ని కదలడమే లేదు. వైజయంతి వెనకే వచ్చి చూసింది. అంజినమ్మకు ముఖం ఎలా చూపించడం?

ఆయన వెంటనే పనిలోకి దిగారు. కిటికీ తెరిచి తడి గోనె కట్టారు. ఆకు తరిగి పరిచి, తట్ట పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. గోనె ఆరితే తడిపారు, చీమ కనబడితే తీశారు, ఆకు అయిపోతే వేశారు. భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపి వద్దన్నారు. పుస్తకాల మీద వంగి వంగి గూని పట్టిన ఆ నడుము పురుగుల కోసం మళ్లీ వంగింది. వైజయంతికి కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషి దగ్గర అక్షరం నేర్చుకోవడం తన అదృష్టమనుకుంది.

పొద్దు వాలేవేళకు తట్టలో సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు మొదలైంది. పురుగులు మేస్తున్నాయి.

అంజినమ్మ వచ్చి తట్టలో చెయ్యి పెట్టి చూసింది. "పిడికెడు పోతే పోయిండాయిలే, తక్కినవాటిని బతికిస్తిరి సామీ," అని దండం పెట్టి తీసుకుపోయింది.

వైజయంతి 'ఉంచుకొను'ను కిందికి దింపి, పోయిందనుకున్న అర్థాన్ని పైకి తెచ్చి, 'కనిపెట్టుకొని ఉండు' అని మొదట రాసింది. మనసు మాత్రం కుదుటపడలేదు.

"పిల్లి వస్తుందనే కదండీ తలుపు వేశాను. అదీ తప్పేనా?"

"తప్పేముందమ్మా, వెయ్యాల్సిందే," అన్నారు గురువుగారు. "లోపలుండి వేసుకోవలసింది."