మస్తానమ్మ చెప్పిన మూడు ఆనవాళ్లు

"మాస్టారూ, ఒక మనిషి మూడు మాటలు కలిపి వెతికితే, ఏ మాటకు ఎంత విలువ కట్టాలి?" అని హిమజ అడిగింది.

గొర్రెపాటి పురుషోత్తం గారు పదిహేడేళ్లుగా విజయవాడలో సెర్చ్ ఇంజన్లు తయారుచేయడం నేర్పుతున్నారు. లక్షల కాగితాల్లోంచి అడిగిన మాటలున్నవాటిని బయటికి తీసి, ఏది ముందు చూపించాలో ఏది వెనక చూపించాలో మార్కులు వేసి తేల్చే పని అది. ఆ మార్కుల గురించి ఎవరు అడిగినా ఆయన బోర్డు దగ్గరకు వెళ్లరు. అడిగినవాళ్లను తీసుకెళ్లి ఏదో ఒక విచారణ కిటికీ వెనక కూర్చోబెడతారు. హిమజను తిరునాళ్లకు తీసుకెళ్లారు.

కృష్ణ ఒడ్డున మూడు రోజులు జరిగే తిరునాళ్లు. తప్పిపోయినవాళ్లను చేరదీయడానికి ఏటి వెంబడి పదకొండు శిబిరాలు వేశారు. జనం రద్దీకి సిగ్నల్ చాలక ఫొటోలు వెళ్లడం లేదు, అక్షరాలు మాత్రం వెళ్తున్నాయి. అందుకని ప్రతి శిబిరంలోనూ ఒకరు, దొరికిన మనిషి ఆనవాళ్లు ఫోన్లో రాసి పంపుతున్నారు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చెప్పిన మాటలు కంప్యూటర్లో కొట్టి, ఎవరు ఏ శిబిరంలో ఉన్నారో చెప్పడం హిమజ పని. సెర్చ్ ఆమె తయారుచేసిందే. అరుదుగా వచ్చే మాటకు ఎక్కువ మార్కులు. ఒకే మనిషి గురించిన రాతలో ఆ మాట ఎన్నిసార్లు వస్తే అన్ని రెట్లు. రెండు రోజులు ఏ ఇబ్బందీ రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మూడున్నరకు మస్తానమ్మ అనే ముసలావిడ కిటికీ దగ్గరకు వచ్చింది. చీరాల పక్క పల్లె. పొద్దున స్నానాల రేవులో భర్త తప్పిపోయాడు.

"ఆయన పేరు చెప్పమ్మా," అంది హిమజ.

"పేరెట్టా చెప్తాను? మా అంకమ్మ నాన్న."

"పేరు లేకుండా ఎట్లా వెతకను?"

"చెప్పినా లాభం లేదులే తల్లీ. రెండేళ్ల నుంచి ఆయన పేరు ఆయనకే గుర్తులేదు. ఇంక మీ రాతల్లో యాడుంటది?"

ఊరి పేరూ ఆయనకు గుర్తులేదు. అదీ అసలు చిక్కు. ఆ రోజు తిరునాళ్లకు ఆఖరు. ఆరింటికి శిబిరాలు ఎత్తేస్తారు. అప్పటికి ఎవరూ రానివాళ్లను వ్యాన్లు ఎక్కించి, ఏ వ్యాను ఏ ఊరికి పోతే ఆ ఊళ్లో ఆశ్రమానికి అప్పగిస్తారు. తన ఊరు చెప్పుకోలేని మనిషి వ్యాను ఎక్కాక మళ్లీ దొరకడానికి నెలలు పట్టవచ్చు, దొరక్కపోనూవచ్చు.

మస్తానమ్మ మూడు ఆనవాళ్లు చెప్పింది. మెడలో గళ్ల తువ్వాలు. కాలు ఈడుస్తాడు. చేతిలో చీపురు ఉంటుంది. "పొద్దున్నే ఈత చీపురు కొని ఆయన చేతికిచ్చాను. ఇచ్చింది వదలడు."

హిమజ మూడూ కొట్టింది. అన్నిటికంటే పైన తొమ్మిదో శిబిరం రాత వచ్చింది. అక్కడ రాసేవారు రిటైరైన బడిపంతులు, ఒక్కొక్కరి గురించి అరపేజీకి తగ్గకుండా రాస్తారు. "చీపురు కట్టలు అమ్ముకొను వృద్ధుడు. తన చీపురు కట్టలు కనబడుట లేదని వాపోవుచున్నాడు. చీపురు దొరికిన గాని అన్నము ముట్టనని భీష్మించినాడు." మస్తానమ్మను జీపు ఎక్కించి అక్కడికి పంపారు.

నలభై నిమిషాలకు ఆమె తిరిగి వచ్చింది.

"మొగుణ్ణి అడిగితే చీపుర్లు చూపిస్తావేందమ్మా? ఆ పెద్దాయన నన్నే పట్టుకున్నాడు, నా కట్టలేమైనా చూశావా అని."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. హిమజ చీపురుకు మార్కులు తగ్గించి, తువ్వాలుకు పెంచింది. ఏటి ఒడ్డున సగం మంది ముసలివాళ్ల మెడలో గళ్ల తువ్వాలే ఉంది. తువ్వాలుకు తగ్గించి కాలుకు పెంచింది. కాలు బెణికినవాళ్లు, కాలికి మేకు గుచ్చుకున్నవాళ్లు, కాలు తీసి కాలు వేయలేనివాళ్లు వరసగా పైకి వచ్చారు. ఒక్కొక్క రాతా చదువుకుంటూ పోతుంటే గడియారం అయిదు దాటింది.

"ఇప్పుడు ఏ మాట పెంచను మాస్టారూ?"

పురుషోత్తం గారు వెనక బల్ల మీద కూర్చుని మరమరాలు తింటున్నారు. "నన్నడుగుతావేం? తప్పిపోయింది నా మనిషి కాదు. ఆవిణ్ణి అడుగు."

హిమజ కిటికీ వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పిన మూడింట్లో ఏది ముఖ్యం?"

మస్తానమ్మ ఆమెను జాలిగా చూసింది. "ఏది ముఖ్యమంటే ఏం చెప్పనమ్మా? చీపుర్లు సంతలో ఎందరి చేతిలోనైనా ఉంటాయి. తువ్వాళ్లు చెప్పనే అక్కర్లేదు. కుంటోళ్లకి కరువా? మూడూ ఒక్కడి దగ్గరే ఉంటే ఆయనే. చీపురు ఎవరన్నా లాక్కుపోయుంటే, మిగతా రెండూ ఉన్నోణ్ణి చూడు. ఒకే మనిషి దగ్గర పది చీపుర్లుంటే నాకేం లాభం?"

హిమజ కంప్యూటర్ వైపు తిరిగింది. తన లెక్కలో రెండు చోట్ల మార్చింది. ఒక మాట పదిసార్లు వచ్చినా ఒకసారి వచ్చినట్టే. అడిగిన మాటల్లో ఎక్కువ కలిసినవాళ్లు ముందు, తక్కువ కలిసినవాళ్లు వెనక. ఆరు నిమిషాలు పట్టింది. అన్నిటికంటే పైకి రెండో శిబిరం కానిస్టేబుల్ రాసిన రాత వచ్చింది. ఆయన మాటలు పొదుపుగా వాడే మనిషి. "ముసలి. గళ్ల తువ్వాలు. కాలు ఈడుపు. చీపురు." మొదటిసారి వెతికినప్పుడు అది ముప్పై ఎనిమిదో స్థానంలో ఉంది. హిమజ అంతదూరం చూడలేదు.

కిటికీ దగ్గర మాస్టారు కూర్చున్నారు. హిమజ మస్తానమ్మతో జీపు ఎక్కింది.

రెండో శిబిరం చేరేసరికి అయిదూ నలభై. వ్యాను స్టార్ట్ చేసి ఉంది. గుడారం ముందు ఒక ముసలాయన కాలు ఈడ్చుకుంటూ నేల ఊడుస్తున్నాడు. "వ్యాను ఎక్కవయ్యా అంటే, పని కాలేదంటాడు," అన్నాడు కానిస్టేబుల్. "గంట నుంచీ ఇదే వరస."

"నీ ఊడుపు తగలెయ్య!" అంది మస్తానమ్మ. "నలభై ఏళ్లలో ఒక్కనాడన్నా మన వాకిలి ఊడ్చావా?"

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. చీపురు ఆమె చేతికిచ్చి, కొంగు పట్టుకున్నాడు. డ్రైవర్ వ్యాను ఆపేశాడు.

హిమజ తిరిగి వచ్చేటప్పటికి ఆరుకు ఇంకా పావుగంట కూడా లేదు. ఆమె ముఖం వెలిగిపోతోంది. "దొరికాడు మాస్టారూ. ఇంక ఈ లెక్కే ఖాయం చేసేస్తాను. అన్ని మాటలూ కలిసినవాళ్లే ఎప్పుడూ ముందు."

కిటికీ అవతల ఒక రైతు చెమటలు తుడుచుకుంటున్నాడు. "మనవరాలండీ. నాలుగేళ్లది. ఎర్ర గౌనో, పచ్చ గౌనో... పొద్దున సరిగా చూడలేదండీ."

హిమజ కీబోర్డు మీదికి వంగి రెండు రంగులూ కొట్టబోయి ఆగింది; ఉన్నది ఒక్క గౌనే, రెండు మాటలూ కలిసే పిల్ల ఎక్కడా ఉండదు. మాస్టారు లేచి కుర్చీ ఖాళీ చేశారు.

"కూర్చో. ముందు ఆయన చెప్పేది పూర్తిగా విను."