సోమిలవ్వ వాటా

అనగనగా అంటాను, మీరు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ కొండ దిగిరాదు, తర్వాత నన్ననొద్దు.

దొరలు ఏలే రోజుల్లో, మన్యంలో మంచు పట్టే ఓ కొండ మీద సోమిలి అనే అవ్వ ఉండేది. వెదురు తట్టలల్లి బతికేది. ఆ కొండ మీద ఓ పద్ధతుంది. ఇంటికొచ్చిన చుట్టం దేన్నయినా "బాగుంది" అన్నాడా, ఇక అది చుట్టానిదే. అందుకే వాళ్లు ఎవరింటికెళ్లినా నోరు కట్టుకుని కూర్చుంటారు.

పాపం, తెల్లదొరకేం తెలుసు? చల్లగాలికనీ, కొండ మీది పనితనం చూద్దామనీ ఓ రోజు కొండెక్కి సోమిలి ఇంటికొచ్చాడు. ఆయన మాట మన మాటలో చెప్పడానికి వెంట ఓ దుబాసీ.

దొర తట్ట చూశాడు. "బాగుందంటున్నారు," అన్నాడు దుబాసీ. సోమిలి తట్ట ఇచ్చేసింది.

దొర ఆమె మెడలో పూసలపేరు చూశాడు. "బాగుందంటున్నారు." అదీ తీసిచ్చేసింది.

దొర ఇంటివెనక రాతిసందులో కారే ఊట దగ్గరికెళ్లి దోసిలి పట్టి తాగాడు. "చాలా బాగుందంటున్నారు."

సోమిలి చిక్కులో పడింది. ఊరంతటికీ నీళ్లు అవే. ఇస్తే ఊరు ఎండుతుంది, ఇవ్వకపోతే చుట్టానికి మాట తప్పినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊటనెలా మోసుకెళ్తాడో అదీ తెలీలేదు.

"ఈ బాబుకి ఇల్లూ వాకిలీ లేవేటి, అన్నీ అడుగుతన్నాడు?" అంది. ఆ పద్ధతి తెలీని దుబాసీకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

చివరికి, "ఊట ఊరిది. అందులో నా వాటా ఇచ్చేసినానని చెప్పు బాబూ," అంది. దుబాసీ ఏం చెప్పాడో ఏమో, దొర నవ్వి, టోపీ పెట్టుకుని కొండ దిగిపోయాడు. మళ్లీ రాలేదు.

సోమిలి మాత్రం ఆ ఊట ముట్టలేదు. కొండ అవతల పారే గెడ్డ దాకా నడిచి నీళ్లు తెచ్చుకునేది.

"దొర ఎప్పుడో మర్చిపోయుంటాడు, తాగు అవ్వా," అని ఊరంతా చెప్పింది.

"ఆయన మర్చిపోతే నేనిచ్చింది ఇవ్వనట్టవుద్దా?" అనేది.

పోయేరోజు నాలిక పిడచకట్టుకుపోయింది. గెడ్డకెళ్లిన కొడుకు ఇంకా రాలేదు. కోడలు బుద్రి చూడలేక ఊటనీళ్లు నోటి దగ్గర పెట్టింది.

"ఎక్కడివే?" అంది సోమిలి. బుద్రికి అబద్ధం నోట రాలేదు. ముసల్ది పెదాలు బిగించుకుంది. దాహంతోనే పోయింది.

ఇప్పటికీ ఆ కొండ చూడ్డానికి వచ్చేవాళ్లు ఊట దగ్గర నిలబడి "బాగుంది" అంటారు. అనగానే ఊరివాళ్లు వాళ్లచేత ఓ దోసెడు నీళ్లు నేలమీద పోయిస్తారు. "సోమిలవ్వా, నీ వాటా నీకిచ్చేశాం" అనిపిస్తారు. ఎవరా అవ్వ, ఏమా వాటా అని వచ్చినవాళ్లు తెల్లమొహం వేస్తారు.

"తర్వాత చెప్తాం, ముందు పొయ్యి బాబూ," అంటారు ఊరివాళ్లు. "ముసల్ది దాహంతో ఉంది."