ముళ్ళకి జీడిమామిడి పళ్ళు

అనగనగా ఒక అడవిలో, జీడిమామిడి చెట్ల కింద, నూకాలు అనే ముళ్ళపంది ఉండేది. దానికి ఒక్కడే కొడుకు, పైడిగాడు. వాడి ఒంటినిండా ముళ్ళే గానీ, వాటిని లేపడం వాడికింకా రాదు. తడిసిన చీపురులాగ వెనక్కి పడుండేవి.

నూకాలు పొద్దున్నే దుంపలు తవ్వడానికి పోవాలి. పిల్లాణ్ణి ఒక్కణ్ణే బొరియలో వదిలేద్దామంటే, ఆ దారిలో ఒక నక్క ఉంది. "పిల్లాడు బొద్దుగా ఉన్నాడా వదినా?" అని రోజూ అడిగేది. అడుగుతూ మూతి నాక్కునేది.

ఆ అడవిలో పిల్లల్ని చూసుకునే చోట్లు రెండే. ఒకటి కొండముచ్చు మాస్టారి అడవి బడి. రెండోది కోడి పిన్ని డేకేర్.

ముందు అడవి బడికి వెళ్ళింది. గోడల్లేవు, గుమ్మం లేదు. కుందేలు పిల్ల బురదలో పొర్లుతోంది. తాబేలు పిల్ల వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మాస్టారు కొమ్మ మీద తోక వేలాడేసి చూస్తున్నాడు.

"అయ్యో మాస్టారూ, ఆ పిల్ల పడిపోయింది!" అంది నూకాలు.

"పొద్దున్నించి చూస్తూనే ఉన్నానమ్మా. ఇదిగో, తిరగబోతోంది. నువ్వు అరవకు, దాని ధ్యాస పోతుంది," అన్నాడు మాస్టారు.

"మరి మావాడికి ఏం నేర్పుతారు?"

"నాకు ముళ్ళ సంగతేం తెలుసు తల్లీ? వాడే నేర్చుకుంటాడు. గట్టి దెబ్బ తగలకుండా నేను చూస్తాను, అంతే."

"ఇదేం బడిరా బాబూ!" అనుకుని నూకాలు బయటపడింది.

తర్వాత డేకేర్‌కి వెళ్ళింది. అబ్బ, ఎంత శుభ్రమో! మెత్తటి గడ్డి పరుపు. దాని మీద కోడి పిన్ని పిల్లలందర్నీ కిందేసుకుని పొదుగుతోంది. ఒక పక్క ఉడుత తోక, ఇంకో పక్క మేకపిల్ల కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి.

"ఎంతసేపు ఇలా, పిన్నీ?"

"సాయంత్రం దాకా. గుడ్లు కదలకుండా ఉండబట్టే కదే కోళ్ళయ్యాయి! మేకపిల్ల మాత్రం అవ్వదా?"

"మరి మావాడి ముళ్ళు?"

"దానికేముందే! ముల్లుకో జీడిమామిడి పండు గుచ్చేస్తాను. గింజ బయటే ఉంటుందిగా, ముల్లు మెత్తగా దిగిపోద్ది. ఎవరికీ గుచ్చుకోదు."

నూకాలికి ఇది బాగా నచ్చేసింది. పైడిగాణ్ణి అక్కడే వేసింది.

మొదటి సాయంత్రం పిల్లాడు పళ్ళ బండిలాగ ఇంటికొచ్చాడు. ఎర్రవి, పచ్చవి, ఘుమఘుమ.

"ఏం నేర్చుకున్నావు నాన్నా?"

"కదలకుండా ఉండటం అమ్మా."

రెండో సాయంత్రం అడిగితే, "ఇంకా కదలకుండా ఉండటం" అన్నాడు. నూకాలు మురిసిపోయింది.

మూడో సాయంత్రం ఇంటికొస్తూ, మంచి దుంప కనబడి నూకాలు ఆగి తవ్వుతోంది. పైడిగాడు ముందు నడిచాడు. ఎదురుగా నక్క!

"ముళ్ళు లేపరా!" అని నూకాలు దూరంనించే అరుస్తూ వాడివైపు పరిగెత్తింది.

"బరువే అమ్మా, లేవట్లేదు!" అన్నాడు పైడిగాడు. ఇంక వాడికొచ్చింది ఒక్కటే కదా. కదలకుండా నిలబడ్డాడు.

"ఓహో, కూరతోపాటు పళ్ళు కూడానా!" అంది నక్క. ముందు ఎర్రపండు తింది. తర్వాత పచ్చపండు తింది. రసం గడ్డం మీదికి కారుతుంటే ఇంక ఆగలేక, నూకాలు వచ్చేలోపే అన్నీ తినేసింది. మూతి తుడుచుకుని, "ఇప్పుడు అసలు భోజనం" అంటూ కసుక్కున కరిచింది.

పళ్ళు పోయాక మిగిలినవేంటి పిల్లలూ? ముళ్ళే!

నక్క ముక్కునిండా ముళ్ళతో, ఏడ్చుకుంటూ ఎటో పారిపోయి డేకేర్‌లో పడింది. కోడి పిన్ని అసలే కళ్ళు సరిగా కనబడని మనిషి. "ఎవరి బిడ్డవో గానీ, ఏడవకు నాయనా" అని దాన్ని కిందేసుకుని కూచుంది. పాపం నక్కకి కోడిని తినాలనే ఉంది. నోరు తెరిస్తే ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. కదలకుండా పడుంది.

నూకాలు మాత్రం పైడిగాణ్ణి గబగబా బొరియలోకి తోసుకుపోయింది. "ఈ నక్క తిండిపోతు కాబట్టి బతికాం. రేపు పళ్ళు ఇష్టంలేని నక్క వస్తేనో?"

తెల్లారగానే పిల్లాణ్ణి అడవి బడిలో వేసింది. సాయంత్రం వాడు ఒళ్ళంతా మట్టితో, మోకాలు గీరుకుని వచ్చాడు.

"అమ్మా, తాబేలు పిల్ల తిరిగింది!"

"నువ్వేం నేర్చుకున్నావురా?"

"బండ మీంచి జారిపోతుంటే భయమేసి ముళ్ళు వాటంతటవే లేచేశాయి. దగ్గరికి రా, చూపిస్తా."

ఒళ్ళు ఒక్కసారి విదిలించాడు. జల్లుమని ముళ్ళన్నీ లేచాయి. ఒకటి నూకాలు ముక్కులో దిగింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"నొప్పా అమ్మా?"

"నొప్పేరా నా బంగారం. ఏదీ, ఇంకోసారి లేపు!"

నీతి: బిడ్డకి పుట్టుకతో వచ్చినదాన్ని కప్పెట్టని చోటే మంచి బడి, మట్టి అంటితే ఇంట్లో కడుక్కోవచ్చు.