నీడలో ముగ్గురు, ఎండలో బుడమ

నల్లకొండ అడవిలో ఎండలు ముదిరితే వాగు ఎండిపోతుంది. వాగు ఎండితే దాని ఇసుకలో హాకీ మొదలవుతుంది. అడవి అంచున ఉన్న హాస్టల్లో పిల్లలు ఆడుతుంటే కంచె ఇవతలి నుంచి చూసి జంతువులు నేర్చుకున్న ఆట అది. వంపు తిరిగిన కొమ్మ ముక్కను నోట కరుచుకోవాలి. ఎండిన వెలగకాయను కొట్టుకుంటూ పోయి, అవతలి జట్టు పెట్టిన రెండు బండల మధ్య నుంచి దాటించాలి.

ఆ ఆటలో నల్లకొండ జట్టుకు ఒకప్పుడు ఎదురు లేదు. ఇప్పుడు పేరు మిగిలింది, కాళ్ళు మిగల్లేదు. ఎలుగు జంబన్న ముందు నిలబడితే ఒకప్పుడు కాయ అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు కాయ ఆగదు, జంబన్నే ఆగి ఊపిరి తీసుకుంటాడు. అడవిపంది కోరలయ్య ఇప్పటికీ తల వంచి దూసుకొస్తాడు. తల ఎత్తేసరికి ఆట ఇంకో కొసకు వెళ్ళిపోయి ఉంటుంది. బండల మధ్య కాపలా ఏదుపంది నరసక్కది. ఆమె ముళ్ళు సగం రాలిపోయాయి. నోటి పదును మాత్రం తగ్గలేదు.

ఈ జట్టుకు కెప్టెన్ దుప్పి గంగులమ్మ. ఆకు కదిలితే చాలు, చెవులు నిక్కబొడుచుకునే రకం. ఎవరికి ఏ లోటు జరిగిందోనని, తనను ఎవరు ఏమనుకుంటున్నారోనని ఆమెకు పగలంతా గుబులే. కొన్నేళ్ళ కిందట కార్చిచ్చు కొండను చుట్టుముట్టినప్పుడు జంబన్న, కోరలయ్య, నరసక్క ముగ్గురూ ఆమెను మధ్యలో పెట్టుకుని బయటికి తెచ్చారు. ఆ రోజే ఆమె మాట ఇచ్చింది, మిమ్మల్ని ఈ కొండ దాటనివ్వను, ఇక్కడే ముసలివాళ్ళవుతారు అని.

గంగులమ్మకు ఒక్కతే కూతురు, బుడమ. ఆ ఏడే జట్టులోకి వచ్చింది. ఇసుక మీద దాని గిట్ట పడిందో లేదో తెలియదు, కాయ మాత్రం బండలు దాటి ఉంటుంది.

ఆట రోజులు సగం గడిచాక, ఆటకు పెద్దలుగా ఉండే ఏనుగుల దగ్గర నుంచి కబురు వచ్చింది. పెద్దేరు అవతలి అడవిలో కొత్త జట్టు పెడుతున్నారు. వాళ్ళకు ఆటగాళ్ళు లేరు కనుక ఉన్న ప్రతి జట్టూ ఒకరిని ఇవ్వాలి. ఎంపిక రోజున ప్రతి జట్టూ తనకు కావలసిన ముగ్గురిని మద్దిచెట్టు నీడలో నిలబెట్టుకోవచ్చు. వాళ్ళ జోలికి కొత్తవాళ్ళు రాకూడదు. మిగతావాళ్ళంతా ఎండలో నిలబడాలి, వాళ్ళలో నచ్చినవాళ్ళను పట్టుకుపోతారు. ఒక్క ఫైనల్ కూడా ఆడని పిల్లలు మాత్రం లెక్కలోకి రారు.

బుడమ ఇంకా ఫైనల్ ఆడలేదు కనుక ఆ చివరి ముక్క వినగానే గంగులమ్మ గుండె కుదుటపడింది. పెద్దేరు దాటి పోయినవాళ్ళు మళ్ళీ నీళ్ళు తగ్గితే తప్ప రాలేరు. కొన్నేళ్ళు అసలు తగ్గవు.

నక్క చలమయ్య నల్లకొండ జట్టులో ఆడేవాడు కాదు, ఆడేవాళ్ళకు సలహాలు చెప్పేవాడు. ఫైనల్ ముందు రోజు గంగులమ్మ మేస్తుంటే పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట. వినడానికి బాగుండదు."

"చెప్పు."

"జంబన్న మోకాలు లేవనంటోంది. రేపు ఆయన బదులు బుడమను దించకూడదా?"

"దించితే అది లెక్కలోకి వస్తుంది కదా తమ్ముడూ."

"వస్తుంది, కాదనను. దించకపోతే ఏమంటున్నారో నీకు తెలీదు. మన పిల్లలు ఎండలో, కెప్టెన్ గారి పిల్ల అమ్మ కడుపు కింద. అదీ మాట."

గంగులమ్మ మేత ఆపింది. "ఎవరన్నారు?"

"ఎవరని చెప్పను? కోతులు అంటున్నాయి. రేపు కుందేళ్ళూ అంటాయి. పోనీలే అక్కా, నువ్వు దాచుకో. ఎవరి బిడ్డ వాళ్ళకు ముద్దు. నేను సర్దిచెబుతాలే."

ఆ సర్దిచెబుతాలే అన్న మాటే గంగులమ్మను కోసింది. నరసక్క దగ్గరికి పోయింది.

"వదినా, నేను బుడమను దాస్తున్నానని ఎవరైనా అంటున్నారా?"

"అంటే అననీ," అంది నరసక్క, గడ్డలు తవ్వుకుంటూ. "దాచుకోకపోతే ఇంక తల్లెందుకు? ఎవరో ఏదో అన్నారని పిల్లని బరిలోకి తోసేదానివి నువ్వొక్కదానివే."

"అలా కాదు వదినా. రేపు కోతులు నన్ను వేలెత్తి చూపిస్తే?"

"కోతి వేలు ఎన్నాళ్ళు ఎత్తుతుంది, గోక్కోవడానికి దించదూ?"

నరసక్క నవ్వింది గానీ గంగులమ్మకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి కూతురితో, "రేపు నువ్వు ఆడుతున్నావు" అంది. బుడమ ఆనందం పట్టలేక పొద చుట్టూ పరుగులు తీసింది. దాన్ని చూసి, ఇంత సంతోషపడుతోంది, నేను తప్పు చేయలేదు అనుకుంది తల్లి.

మరునాడు నల్లకొండ గెలిచింది. చాలా ఏళ్ళ తరవాత గెలిచింది. చివరి గోలు బుడమదే. గట్టు పక్కన మిగిలిన మడుగులో ఒంటికాలి మీద నిలబడి ఒక కొంగ ఆట మొత్తం చూసింది. అది కొత్త జట్టు తరపున వచ్చిన కొంగ. కళ్ళు సగం మూసుకుని ఉండటంతో నిద్రపోతోందనుకున్నారంతా.

ఇప్పుడిక గంగులమ్మ ముందు ఒకటే ప్రశ్న. నీడలో మూడు చోట్లు. మాట ఇచ్చింది ముగ్గురికి. వాళ్ళలో ఒకరిని తప్పిస్తే బుడమకు చోటు దొరుకుతుంది. ఎవరిని? ఎలా అడగాలి? బాబాయ్, నువ్వు ముసలివాడివైపోయావు, నీ చోటు నా బిడ్డకియ్యి అనాలి. అడగడానికి రెండుసార్లు బయలుదేరి రెండుసార్లూ దారిలోంచే వెనక్కి వచ్చింది. మూడోసారి కోరలయ్యే ఎదురొచ్చాడు.

"చెల్లెమ్మా, నీడలో నా చోటు నాదే కదా?" అన్నాడు, నేల చూస్తూ.

"నీదే అన్నా," అంది ఆమె.

ఆ సాయంత్రం చలమయ్య వచ్చాడు.

"అక్కా, కొంగతో మాట్లాడి వస్తున్నా. వాళ్ళకు పేరున్నవాళ్ళు కావాలట. కొత్త జట్టు కదా, చూడ్డానికి నలుగురు రావాలి. జంబన్న అంటే వస్తారు. ఆయన ఎండలో కనిపిస్తే మాత్రం వదలరు."

"మరి బుడమ?"

చలమయ్య చెవి గోక్కున్నాడు. "చెబితే బాధపడతావు. దాని కాళ్ళు చీపురుపుల్లల్లా ఉన్నాయందా కొంగ. నాకే ఒళ్ళు మండింది."

తన బిడ్డను తక్కువ చేశారని గంగులమ్మకు మనసు చివుక్కుమంది. మరుక్షణమే ఆ మాట తీపిగా తోచింది. చీపురుపుల్లలు. ఇంక ఎవరు ముట్టుకుంటారు? పడుకున్నంతసేపూ దాన్నే నెమరు వేసింది.

ఎంపిక రోజున ఎండ మాడ్చేస్తోంది. మద్దిచెట్టు కింద జంబన్న, కోరలయ్య, నరసక్క. ఎండలో కోతులు, కుందేళ్ళు, గంగులమ్మ, ఆమె పక్కన బుడమ.

"అమ్మాయ్, నన్నెందుకు ఇక్కడ నిలబెట్టావు?" అని అరిచాడు జంబన్న నీడలోంచి.

"మాట ఇచ్చాను కదా బాబాయ్."

ఆయన ఇంకేదో అనబోయాడు. అప్పటికే కొంగ నడక మొదలుపెట్టింది. కోతుల్ని దాటింది. కుందేళ్ళను దాటింది. గంగులమ్మను మర్యాదగా తల వంచి దాటింది. బుడమ ముందు ఆగింది.

"ఈ పిల్ల."

గంగులమ్మకు మొదట అర్థం కాలేదు. "అయ్యా, దాని కాళ్ళు చీపురుపుల్లలన్నారట కదా."

"నేనా? ఎవరితో అమ్మగారూ?"

"చలమయ్యతో."

"మా మేనేజర్ గారితోనా? ఆయనతో నేనన్నది ఒకటే మాట. ఆ పిల్లను ఫైనల్ ఆడించగలిగితే మాకు ఈ కొండ మీద ఇంకెవరూ అక్కర్లేదన్నాను. ఆడించారు."

కొంగ వెనక చలమయ్య తోకలో పల్లేరుకాయలు ఏరుకుంటున్నాడు.

"జంబన్న కావాలన్నారట," అంది గంగులమ్మ.

కొంగ గొంతు తగ్గించింది. "పెద్దాయన్ను ఏరు దాటించడమే కష్టం. తీసుకెళ్ళి ఏం చేసుకుంటాం?"

తగ్గించినా జంబన్నకు వినపడింది. నీడలోంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు.

"నన్ను అడగాల్సింది అమ్మాయ్. ఎండలో నిలబడేవాణ్ణి. నన్నెవరు తీసుకెళ్తారు?"

"బాధపడతావనుకున్నా బాబాయ్."

"పడేవాణ్ణే. ఒక పూట."

కోరలయ్య తల ఎత్తలేదు. ఎండలో నిలబడ్డ ముసలి కోతి వైపు తిరిగి గంగులమ్మ అడిగింది, "నేను నా పిల్లని దాస్తున్నానని మీరే కదా అన్నది?"

"మేమా?" అంది కోతి. "నువ్వు దాస్తావనే అనుకున్నాం. మేమైనా అదే చేసేవాళ్ళం. ఇందులో అనడానికేముంది?"

గంగులమ్మ నక్క దగ్గరికి నడిచింది. "ఎందుకు చేశావు తమ్ముడూ?"

"నేనేం చేశానక్కా? రెండు మాటలు చెప్పాను. దించిందీ నువ్వే, ఎండలో పెట్టిందీ నువ్వే. నిన్ను ఎవరూ ఏమీ అనకూడదనుకున్నావు. చూడు, ఎవరూ ఏమీ అనడం లేదు."

నిజంగానే ఎవరూ ఏమీ అనడం లేదు.

పెద్దేరు దగ్గర మబ్బులు పడుతున్నాయి. తొందరగా దాటాలని కొంగ చెబుతోంది. గంగులమ్మ కూతురి చెవి పక్కన ఆపకుండా మాట్లాడుతూ నడిచింది. నీళ్ళు తాగేటప్పుడు మధ్యమధ్యలో తల ఎత్తి చూడు. గాలి ఎటు నుంచి వస్తోందో తెలుసుకోకుండా పడుకోకు. తెలియని ఆకు అయితే ఒక్క కొరుకే కొరికి ఆగు. ఆటలో దెబ్బ తగిలితే ఎవరికో ఒకరికి చెప్పు, దాచుకోకు.

"అమ్మా," అంది బుడమ, నీళ్ళలో ముందుకాళ్ళు పెట్టి. "నేను బాగా ఆడాననే కదా తీసుకెళ్తున్నారు?"

"అవునమ్మా."

"మరి నువ్వెందుకు నన్ను నీడలో పెట్టుకోలేదు?"

గంగులమ్మ నోరు తెరిచింది. మాట ఇచ్చానని చెప్పాలా, నలుగురూ ఏమంటారోనని భయపడ్డానని చెప్పాలా? ఏది చెప్పినా ఆ పిల్ల అడిగినదానికి జవాబు కాదు. ఈలోగా కొంగ పిలిచింది. చలమయ్య ముందు దారి చూపిస్తూ ఈదుతున్నాడు. బుడమ వెనక్కి తిరిగి చూసింది, తరవాత నీళ్ళు లోతైనచోట చూడటం మానేసి ఈదింది.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. తెల్లారేసరికి పెద్దేరు ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డు కనిపించకుండా పరుచుకుంది. ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ అది తగ్గలేదు. వేసవిలో ఇసుక మీద ఆట పెట్టారు గానీ, నల్లకొండ జట్టులో కాయను బండల దాకా తీసుకుపోయేవాళ్ళు లేరు. ముసలివాళ్ళు ముగ్గురూ క్షేమంగా ఉన్నారు. గంగులమ్మతో కళ్ళు కలిపి మాత్రం మాట్లాడలేకపోయారు.

నలుగురిలో న్యాయస్థురాలనిపించుకోవాలని తాపత్రయపడే తల్లి, ఆ పేరు ఖరీదు తన బిడ్డ చేత కట్టిస్తుంది.