ఎదురుపడ్డ తేర్లు

న్యాయం ఎవరిదో తేలకుండా శాంతి ఎలా వస్తుంది స్వామీ, అని మఠంలో శిష్యుడు బసవలింగం మాఘమాసంలో అడిగాడు. పరిపూర్ణస్వామి జవాబు చెప్పలేదు. ఆయన తీరే అంత. అడిగిన ప్రశ్నను నానబెట్టిన పప్పులా పక్కన పెట్టేసేవారు. ఎప్పుడు రుబ్బుతారో శిష్యులెవరికీ తెలిసేది కాదు.

బసవలింగం ఊసుపోక అడిగిన ప్రశ్న కాదది. మాగులూరులో శివాలయం వాళ్లకూ కేశవాలయం వాళ్లకూ ఉప్పూ నిప్పూ. రెండు తేర్లూ తిరిగేది ఒకటే వీధి. ముందు ఎవరి తేరు కదలాలన్న తగువులో అతని తాత తల పగిలి చచ్చిపోయాడు. అవతలివాళ్ల మనిషీ ఒకడు పోయాడు. మొదటి కర్ర ఎవరెత్తారని అడిగితే రెండు పక్షాలూ ఒకే కథ చెప్పేవి, పేర్లు మాత్రం తారుమారు. ఆ తర్వాత పెద్దలు కూర్చుని ఎవరి రోజు వాళ్లకు పంచిపెట్టారు. అయితే ఇద్దరి పంచాంగాలూ వేరన్న సంగతి ఆ పెద్దమనుషులకు తట్టలేదు. బసవలింగం ఆ ప్రశ్న అడిగిన ఏడాదే తిథుల లెక్కలో తేడా వచ్చి, రెండు ఉత్సవాలూ ఒకే పూట వచ్చి కూర్చున్నాయి. మా పంచాంగం తప్పంటారా అని ఇద్దరూ మీసాలు మెలేశారు.

తేర్లు సరిగ్గా స్వామివారి మఠం ముందు ఎదురుపడ్డాయి. అక్కడ వీధి మరీ ఇరుకు. ఒకటి వెనక్కి పోతేగాని రెండోది ముందుకు రాదు. కదిలిన తేరు వెనక్కి నడిస్తే ఊరికి అరిష్టమని రెండు పక్షాల నమ్మకం. పుట్టి బుద్ధెరిగాక వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. డప్పులు ఆగాయి. కర్రలు లేచాయి. శివుడి తేరును ఆపడానికీ మళ్లించడానికీ చక్రాల కింద చెక్కలు వేసేవాడు బసవలింగం అన్న చెన్నమల్లయ్య. అతనూ చెక్క కింద పెట్టి కర్ర అందుకున్నాడు. అది తమ్ముడి కంటపడింది. తాత చావు విన్నాడు గానీ చూడలేదు. అన్న చావు కళ్లారా చూడాల్సి వస్తుందని లోపలున్న స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

స్వామి బయటికి రాగానే అందరూ ఆయన చుట్టూ మూగారు. ఏ గుడికీ చెందని మనిషి కనుక ఆయన మాటకు కట్టుబడతామన్నారు. కేశవాలయం ధర్మకర్త తిరువేంగళప్ప ముందుకొచ్చి, "ఎవరు వెనక్కి పోవాలో సెలవియ్యండి స్వామీ, అదే మాకు వేదం," అన్నాడు. వేదమంటూనే చేతిలో కర్ర మాత్రం దించలేదు.

స్వామి అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్లి గునపం తెచ్చారు. తెచ్చి మఠం ప్రహరీగోడను ఒక్క పోటు పొడిచారు.

అది మీ గురువుగారు స్వహస్తాలతో కట్టిన గోడ అంటూ బసవలింగం అడ్డం పడ్డాడు.

"ఆయనైతే ఈపాటికి సగం పడగొట్టేవారు. ఆ పార ఇలా తే," అన్నారు స్వామి.

ఊరు ఊరంతా నోరు వెళ్లబెట్టింది. కాసేపటికి శివాలయం వాళ్లలో ఒకడు వచ్చి రాయి లాగాడు. వాళ్లు లాగితే వీళ్లు ఊరుకుంటారా? గోడ కూల్చిన పుణ్యం వాళ్లకే పోతుందేమోనని తిరువేంగళప్ప మనుషులూ దూకారు. ఇక చూడాలి ఆ పోటీ! కొట్టుకోవడానికి తెచ్చిన కర్రలతోనే పెళ్లలు పెకలించారు. చూస్తుండగానే గోడ నేలమట్టమైంది, వీధి మఠం ఆవరణలోకి విస్తరించింది.

శివుడి తేరును ఆవరణలోకి మళ్లించి లాగారు. రెండు తేర్లూ పక్కపక్కకు వచ్చేసరికి, గోడ పునాది కదిలిన మెత్తటి మన్నులో దాని వీధివైపు చక్రం ఒకటి దిగబడింది. అంత ఎత్తు తేరూ కేశవుడి తేరు మీదికి ఒరిగింది. చెన్నమల్లయ్య ముందూ వెనకా చూడకుండా చెక్క పట్టుకుని చక్రం పక్కకు దూరిపోయాడు. తేరు పడితే ముందు పోయేది అతనే. ఒరిగిన వైపు నిలబడ్డవాళ్లంతా కేశవాలయం వాళ్లు.

"భుజాలు ఆనించండిరా!" తిరువేంగళప్ప తానే ముందు భుజం ఆనించాడు. "కింద మల్లయ్య ఉన్నాడు. ఎవడూ పట్టు వదలొద్దు."

ఎవరూ వదల్లేదు. పళ్లు బిగబట్టి, కాళ్లు మన్నులో పాతుకుని, శివుడి తేరును విష్ణుభక్తులు మోశారు. కింద చెక్క పడింది, పైన తాడు బిగిసింది, చక్రం పైకి లేచింది. మన్ను కొట్టుకుపోయిన మొహంతో అన్న బయటికి పాకి వచ్చేసరికి బసవలింగం అతన్ని వాటేసుకుని భోరుమన్నాడు. డప్పులు మళ్లీ మోగాయి. ఎవరి తేరుకు ఎవరు డప్పు కొట్టారో ఆ గోలలో ఎవరికీ పట్టలేదు. రెండు తేర్లూ ముందుకే సాగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే రెండు పక్షాలవాళ్లూ మఠానికి వచ్చి, గోడ మేమే కట్టిస్తామంటే మేమే కట్టిస్తామని కొత్త తగువు మొదలుపెట్టారు. బసవలింగం నవ్వాపుకోలేక లోపలికి వెళ్లి, ఎవరికి అప్పగించమంటారని అడిగాడు.

స్వామి కూలిన గోడ మీదుగా వీధిలోకి చూస్తూ అన్నారు: "తొందరేముంది నాయనా. న్యాయం ఎవరిదో తేలనీ, అప్పుడు కట్టుకుందాం."