బర్రెనిచ్చి తెచ్చిన కరెంటు బండి

రాళ్ళకొట్టాలలో మద్దిలేటి వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు మద్దిలేటి, నడిపివాడు కంబగిరి, చిన్నవాడు ఉసేనయ్య. ముగ్గురికీ కలిపి తెలివి ఎంత ఉందో నన్నడిగితే చెప్పలేను గానీ, ఆ తెలివి మీద వాళ్ళకున్న గర్వం మాత్రం ఇంట్లో పట్టేది కాదు, వీధి అరుగు దాకా వచ్చి కూర్చునేది.

"ఒక మాట చెప్పినారంటే దాన్ని చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు ఈ ఊళ్ళో మేం ముగ్గురమే. ఇంకొకర్ని చూపించండి!" అని మద్దిలేటి మీసం దువ్వేవాడు. ఎవరు చూపిస్తారు? ఇంకో ముగ్గురు అట్లాంటివాళ్ళు ఉంటే ఊరు ఉంటుందా?

వాళ్ళ తాత వేటగాడు. ఆయన తెచ్చిన జింక కొమ్ములు ఇంటి గోడకు ఉన్నాయి. ముగ్గురి తువ్వాళ్ళూ వాటి మీదే ఆరేవి. ఆ కొమ్ముల పక్కన మద్దిలేటి ఇంకో మేకు కొట్టి పెట్టాడు, తను తెచ్చే కొమ్ముల కోసం. కొట్టి పందొమ్మిదేళ్ళయింది. మేకు తుప్పు పట్టింది గానీ, ముగ్గురూ వల భుజాన వేసుకుని అడవికి పోని వారం లేదు, జింక తోక చూసిన వారమూ లేదు. ఎండుటాకుల మీద వీళ్ళ నడక, దానికి తోడు కంబగిరి చెప్పుల కిర్రు కిర్రు. అడవి మొత్తానికి తెలిసిపోయేది. చెప్పులు ఇంటి దగ్గర విడిచి పోవచ్చు కదా అంటారా? ఆ మాట వాళ్ళకెవరూ చెప్పలేదు మరి!

ఒకనాడు మద్దిలేటి టౌనుకు పోయి ఆయాసపడుకుంటూ తిరిగొచ్చాడు.

"ఒరేయ్, మన కష్టాలు తీరినాయి! బాలరంగయ్య శెట్టి అంగట్లో కరెంటు బండి చూసినా. పెట్రోలు లేదు, పొగ లేదు, సప్పుడంతకన్నా లేదు. పక్కనుంచి పోయినా పిల్లి కూడా తల తిప్పదంట!"

"పిల్లే తిప్పకపోతే ఇంక జింక ఏం తిప్పుతుంది!" అని తమ్ముళ్ళిద్దరూ ఎగిరి గంతేశారు.

మద్దిలేటి పెళ్ళాం సుంకులమ్మ పొయ్యి దగ్గర నుంచి కేకేసింది. "దాని ఖరీదెంత?"

"ఖరీదేం లేదే. మన మల్లిని తోలుకొచ్చి ఇస్తే చాలన్నాడు శెట్టి."

సుంకులమ్మ చేతిలో గరిటె జారి కిందపడింది. మల్లి వాళ్ళ పాడి బర్రె. పూటకు నాలుగు లీటర్లు ఇస్తుంది. ఆ ఇంట్లో నలుగురూ తింటున్నారంటే మల్లి చలవే. ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఇంట్లో పనికొచ్చే ప్రాణి ఏదన్నా ఉందంటే సుంకులమ్మ తర్వాత మల్లి ఒక్కటే.

"అడవిలో ఉండే జింక కోసం ఇంట్లో ఉండే బర్రెను ఇస్తావా? నీకేమన్నా పిచ్చి పట్టిందా? దాని దూడకు ఇంకా రెండు నెల్లు కూడా నిండలేదు!" అని ఏడ్చింది, తిట్టింది, తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"ఏడవకే. నేనంత తెలివితక్కువోణ్ణా? ఎనిమిది రోజులు వాడి చూడమన్నాడు. నచ్చకపోతే ఎనిమిదో రోజు పొద్దుగుంకే లోపల బండి తిరిగిచ్చి మల్లిని తోలుకోవచ్చంట. మాటంటే మాటే!"

మర్నాడు ముగ్గురూ మల్లిని తోలుకుని టౌనుకు పోయారు. శెట్టి చూసి, "దూడేదయ్యా?" అన్నాడు.

"నువ్వు బర్రెను తెమ్మన్నావు. దూడ పేరే ఎత్తలేదు" అన్నాడు మద్దిలేటి, నన్ను బోల్తా కొట్టిద్దామనుకుంటున్నావా అన్నట్టు చూస్తూ.

శెట్టికి మనుషులెట్లాంటివాళ్ళో అప్పుడే అర్థమైపోయింది. లోపల్లోపల నవ్వుకుని, మల్లి ముందు పత్తి చెక్క పోయించి, బండి బయటికి తీయించాడు. బంతిపూల దండ వేసి, టెంకాయ కొట్టి, తాళం చెవి చేతికిచ్చాడు.

"ఇదిగో, తిరిగి తెచ్చేటట్టయితే ఎట్ల తీసుకపోతున్నారో అట్లే తెచ్చియ్యాల. ఒక్క గీత పడినా ఒప్పుకోను."

ఒక్క గీత కూడా పడకూడదంటే ఏం చేయాలి? నేలకు తగలనియ్యకూడదు. అంతే! ముగ్గురూ బండిని పాడె ఎత్తినట్టు భుజాల మీదికెత్తుకున్నారు. గడప దాటగానే ఉసేనయ్య తుమ్మాడు. అదే సమయానికి, నడి వేసవిలో దారి తప్పినట్టు ఒక వాన వచ్చి వాళ్ళ నెత్తిన దబదబా కురిసింది. తడుసుకుంటూ, జారుకుంటూ, ఆరు మైళ్ళు మోసుకుని ఇల్లు చేరారు. దారిలో చూసినవాళ్ళు, "పాపం, కొన్న రోజే చెడిపోయిందా?" అని అడిగితే, "కొత్తదే! ఇంకా నడపనన్నా నడపలే!" అని మద్దిలేటి గొప్పగా చెప్పాడు.

మరుసటి రోజు, మోయాల్సింది అంగడికీ ఇంటికీ మధ్యనే కదా అని, బండిని నేలకు దించి వేటకు బయల్దేరారు. ఇద్దరికన్నా ఎక్కువ ఎక్కొద్దని శెట్టి చెప్పాడు కాబట్టి మద్దిలేటి, కంబగిరి బండెక్కారు. ఉసేనయ్య వల నెత్తిన పెట్టుకుని వెనక పరిగెత్తాడు. బండి నిజంగానే మెత్తగా, చల్లగా పోతోంది. ఒక గుబురు వెనక జింకల మంద మేస్తోంది. ఒక్కటీ తల ఎత్తలేదు. మద్దిలేటికి తుప్పు పట్టిన మేకు కళ్ళ ముందు మెదిలింది.

అప్పుడొచ్చింది మలుపు.

"అన్నా, మలుపొచ్చినప్పుడల్లా హారన్ కొట్టమన్నాడు శెట్టి!" అన్నాడు కంబగిరి.

"నాకు తెలీదనుకున్నావా?" అని మద్దిలేటి బొటనవేలు అదిమి పెట్టి కొట్టాడు చూడండీ, కొండలు మారుమోగాయి. ఇంకేముంది, జింకలు ఏ దిక్కుకు పోయాయో దుమ్ముకు కూడా తెలీదు. ఆ అడవి దారికి మొత్తం ముప్పై ఏడు మలుపులు. ముప్పై ఏడుసార్లూ కొట్టారు.

సంగతి విని సుంకులమ్మ నెత్తి కొట్టుకుంది. "సప్పుడు లేదని బర్రెనిచ్చి బండి తెచ్చుకుని, దాంతో హారన్ కొడతారా? రేపు హారన్ ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతా!"

మూడో రోజు హారన్ ముట్టుకోలేదు. ఎనిమిది కిలోమీటర్లు పోయేసరికి ఒక చెలమ దగ్గర జింక ఒంటరిగా నీళ్ళు తాగుతోంది. కంబగిరి అన్న వీపు మీద తట్టాడు. "ఆపన్నా, ఆపు! దిగుదాం!"

"యాడ దిగేదిరా? ఒక్కసారి చార్జింగ్ పెడితే అరవై కిలోమీటర్లు పోతుంది అన్నాడు శెట్టి. ఎనిమిదే అయింది. ఇంకా యాభై రెండు పోవాల!"

కంబగిరి ఆలోచించి, "అవును కదా" అన్నాడు. అంతే, చెలమ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. వెనక ఉసేనయ్య, వల. జింక మొదట బెదరలేదు. ఒక చుట్టు చూసింది, రెండో చుట్టు చూసింది. ఇదేదో పిచ్చి మాలోకం అనుకుందేమో, నీళ్ళు తాగి, కాసేపు పడుకుని, లేచి, తన దారిన తను నడిచి పోయింది. వీళ్ళు మాత్రం బ్యాటరీ అడుగంటేదాకా తిరిగారు. ఉసేనయ్య నాలుక బయటపెట్టి సొమ్మసిల్లితే, వాణ్ణి బండి మీద వేసి ఇద్దరూ తోసుకుంటూ ఇంటికొచ్చారు. ఉసేనయ్య లేవడానికి రెండు రోజులు పట్టింది.

ఈలోగా సంగతి ఫారెస్టు గార్డు చెవిన పడింది. మోటారు సైకిలు మీద వచ్చి గుమ్మం ముందు నిలబడి, "ఏరా, వేటాడుతున్నారంట? జింక మీద ఒక్క చెయ్యి పడినా ముగ్గుర్నీ లోపలేస్తా!" అని ఉరిమి పోయాడు.

మనలాంటి వాళ్ళయితే వల మూలన పడేసి ఊరుకుంటాం. మద్దిలేటి మాత్రం లెక్కలు వేశాడు. "ఒక్క చెయ్యి అన్నాడు. మనకు ఆరు చేతులు. ఆరిట్లో ఒక్కటీ పడకూడదు. అంతే కదా! దానికింత భయమెందుకు?"

ఏడో రోజు అడవిలోకి పోయి, మద్ది చెట్టు కింద బండి ఆపి, ముందు వల పరిచారు. తర్వాత వల తాడు కోసి, మద్దిలేటి చేతులు కంబగిరి వెనక్కి విరిచి కట్టాడు. కంబగిరి చేతులు ఉసేనయ్య కట్టాడు. ఉసేనయ్య చేతుల ముడిని కంబగిరి పళ్ళతో బిగించాడు. ముగ్గురూ దొంగల్లా వరసగా నిలబడ్డారు.

చిన్న అలికిడి కూడా లేదు. పొదలోంచి కొమ్ముల జింక ఒకటి వచ్చింది. అబ్బ, ఏం కొమ్ములు! బండి హ్యాండిలుకు వేలాడుతున్న ఎండు బంతిపూలు వాసన చూసి, నెమ్మదిగా నమలసాగింది. సీటు మీది చెమట ఉప్పు నాకింది. ఒక్కడుగు ముందుకేసి నేరుగా వల మధ్యలో నిలబడింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి!

"అన్నా, లాగు!" అన్నాడు ఉసేనయ్య.

"దేంతో లాగేదిరా?"

"చేతుల్తో!"

"నోరు ముయ్యి! జైలుకు పంపిస్తావా?"

ఆ గుసగుసలకు జింక ఉలిక్కిపడి ఒక్క దూకు దూకింది. కాలికి తగులుకున్న వలను ముళ్ళకంప మీద నుంచి ఈడ్చుకుపోతే, అది చీలికలు పేలికలైంది. జింక కాలు విదిలించుకుని మాయమైంది. తాత కాలం నాటి వల పోయింది. ముగ్గురూ వెనక్కి కట్టిన చేతులతోనే ఊళ్ళోకి నడిచి వచ్చారు. పిల్లలు వెంటబడి ఈలలేశారు. సుంకులమ్మే ముడులు విప్పింది, తనే పోయి బండి తోసుకొచ్చింది.

"బండినేం అనొద్దు. దాని పని అది చేసింది. జింకను తెచ్చి మీ ముక్కు ముందు నిలబెట్టింది. ఎక్కినవాళ్ళ తలకాయల్లో ఏమీ లేకపోతే అదేం చేస్తుంది?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నీకు దండం పెడతా. దూడ గంజి తాగి బతుకుతోంది. ఎముకలు తేలినాయి. రేపటితో గడువు తీరిపోతుంది. ఆ బండి ఇచ్చేసి నా మల్లిని తోలుకురా. ఇంకేం వద్దు."

ఆ మాటకు మద్దిలేటికి కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. "తెస్తానే. మాటంటే మాటే" అన్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున్నే లేచారు. ఎట్ల తీసుకుపోయారో అట్లే తెచ్చియ్యాలి కదా! బండి కడిగి, కొత్త బంతిపూల దండ కొని వేశారు. భుజాల మీదికెత్తుకున్నారు. ఆరు మైళ్ళూ మోశారు. శెట్టి అంగడి ముందు ఉసేనయ్య ముక్కులో పుల్ల పెట్టుకుని తుమ్మాడు. మధ్యాహ్నం పన్నెండు కూడా కాలేదు. అంగడి పక్కన మల్లి కట్టేసి ఉంది. మద్దిలేటిని చూసి మోర ఎత్తి అరిచింది. పదడుగులు వేస్తే చాలు.

మద్దిలేటి టక్కున ఆగిపోయాడు.

"ఆగండ్రా! ఆ రోజు వాన పడుతుండె!"

ముగ్గురూ ఆకాశం చూశారు. మబ్బు తునక కూడా లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంకేముంది, బండి భుజాల మీద పెట్టుకునే వాన కోసం నిలబడ్డారు. ఒంటిగంట అయింది, మూడయింది. శెట్టి బయటికొచ్చి, "ఏం మద్దిలేటీ, బండి ఇచ్చేస్తావా?" అన్నాడు.

"ఇస్తాం శెట్టీ, వాన రానీ."

శెట్టికి సంగతి అర్థమైంది. ఎనిమిది రోజులుగా పత్తి చెక్క తిని అలవాటుపడి మల్లి బిందెల కొద్దీ పాలిస్తోంది. "రానీ నాయనా, రానీ. తొందరేముంది?" అని లోపలికి పోయి, పొద్దు గుంకగానే షట్టరు కిందికి లాగాడు.

మల్లి అరుస్తూనే ఉంది. ముగ్గురూ బండి మోసుకుని వెనక్కి తిరిగారు. ఊరి పొలిమేరకు రాగానే ఉరుము ఉరిమి జోరున వాన పట్టుకుంది.

"చూసినారా! వానొస్తాదని నేను చెప్పలే?" అన్నాడు మద్దిలేటి, మీసం మీద నీళ్ళు తుడుచుకుంటూ. "గడువు దాటిపోయింది గానీ, లేకపోతే ఇప్పుడే వెనక్కి తిరిగి పోయేవాళ్ళం."

సుంకులమ్మ లాంతరు పట్టుకుని వాకిట్లో ఉంది. పక్కన కుడితి తొట్టి నిండుగా ఉంది. కొత్త పలుపు తాడు పేని పెట్టింది. దూడ ఆమె కొంగు చీకుతోంది. వానలో వచ్చే ముగ్గుర్నీ చూసింది, వాళ్ళ భుజాల మీది బండిని చూసింది. వాళ్ళ వెనక చీకట్లోకి చాలాసేపు చూసింది. ఇంకేమీ రాలేదు. జరిగింది విన్నాక ఆమెకు తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

"ఇంకేం, దాన్నే తీసుకుపోయి గుంజకు కట్టేసి పాలు పితుక్కోండి" అని, లోపలికి పోయి తలుపేసుకుంది.

తెల్లారి చెంబు చప్పుడుకు మెలకువ వచ్చి బయటికొచ్చి చూసింది.

మల్లి గుంజకు కొత్త పలుపుతో కరెంటు బండి కట్టేసి ఉంది. దాని ముందు పచ్చిగడ్డి, కుడితి. కంబగిరి హ్యాండిలు నిమురుతూ, "ఊ, ఊ, మా తల్లే" అంటున్నాడు. పాలు చేపుతుందేమోనని ఉసేనయ్య దూడ మూతిని తెచ్చి సీటు కింద పెడుతున్నాడు. ఆకలితో ఉన్న దూడ రబ్బరు తొడుగు నోట పెట్టుకుని, ఒకసారి గుంజి, వదిలేసి, అంబా అని అరిచింది. మద్దిలేటి మోకాళ్ళ మధ్య చెంబు బిగించుకుని, బండి కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

పెళ్ళాన్ని చూసి తలెత్తి, పెద్దమనిషిలా చెప్పాడు.

"నువ్వన్నదే నిజం. జింకలకైతే ఈ బండి దండగ. అంత ఖరీదు పెట్టకూడదు. పాడికి ఎట్ల పనికొస్తాదో ఇంకో నాలుగు రోజులు చూసి చెప్తా, ఉండు."