పసుపు తాగిన లారీ

మఠం పెద్ద బసవయ్య తాతను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన కూర్చొని జవాబు చెప్పే రకం కాదు. తువ్వాలు భుజాన వేసుకొని లేచి ఎటో నడుస్తాడు. అడిగినవాడికి నిజంగా కావాలనుకుంటే వెంట నడవాలి. చాలామంది నడవరు. తాత మౌనమే జవాబని ఒకరికొకరు చెప్పుకొని, ఆ ఖాళీ చాపకు దండం పెట్టి ఇళ్లకు వెళ్లిపోతారు.

ఆ రోజు అడిగినవాడు సుంకన్న. నాపరాళ్ల గనిలో రాళ్లు కొట్టే పని మానుకొని వచ్చి, మఠంలో వంటశాల చూసుకుంటున్నవాడు. గంటె చేతిలోనే పట్టుకొని వచ్చాడు. "తాతా, నాకు కోపం వస్తాంది. రుద్రయ్యను చూస్తే ఈ గంటెతోనే కొట్టాలనిపిస్తాంది. కోపం మనిషిని కాలుస్తాదని మీరే చెప్తిరి. దీన్ని చంపుకునే ఉపాయం ఏదన్నా ఉంటే చెప్పండి" అన్నాడు.

కోపం రాక ఏమొస్తుంది? మఠానికి ఒక పాత నీళ్ల లారీ ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, వెనక ట్యాంకు. ఎండాకాలం నల్లగుట్ట తండాకు తాగే నీళ్లు అదే మోస్తుంది. దాన్ని నడిపేవాడు మౌలాలి. కిందటేడు దాని రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతుంటే, ఎక్కడో కారుతోంది, విప్పి చూడాలని మౌలాలి చెప్పాడు. మఠం వ్యవహారాలు చూసే రుద్రయ్య ఒప్పుకోలేదు. రోడ్డు మీద డ్రైవర్లు దిక్కుతోచనప్పుడు చేసే చిట్కా ఒకటుంది, రేడియేటర్లో గుప్పెడు పసుపు పోస్తారు. అది పోయి బెజ్జానికి అడ్డం పడి, షెడ్డు చేరేదాకా కాపాడుతుంది. రుద్రయ్య ఆ పనే చేశాడు. కాకపోతే పసుపు తాత గద్దె ముందునుంచి తెచ్చి, కొబ్బరికాయ కొట్టి మరీ పోశాడు. కారడం ఆగింది. ఆగుతుంది, అందులో వింతేముంది? కానీ సాయంత్రానికల్లా అది తాత మహిమ అయిపోయింది. శుక్రవారం శుక్రవారం ఆడవాళ్లు వచ్చి లారీ ముక్కుకు బొట్లు పెట్టసాగారు. నీళ్లు మళ్లీ తగ్గినప్పుడల్లా రుద్రయ్య మళ్లీ పసుపు పోశాడు. ఒకసారి విప్పి చూద్దాం సామీ అన్న మౌలాలికి నమ్మకం లేనివాడని పేరొచ్చింది. ఈ మహిమ సంగతి తాత చెవిన పడలేదా అంటే, పడే ఉంటుంది. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. అది మాత్రం సుంకన్నకు ఇప్పటికీ మింగుడుపడదు.

నిన్న మిట్టమధ్యాహ్నం తండా దారిలో ఇంజన్ కాగిపోయి లారీ ఆగిపోయింది. బిందెలు వరసపెట్టుకొని కూర్చున్న జనం, పొద్దు వాలాక ముసలీ ముతకా అందరూ కదిలి గని గుంతలో మురికినీళ్లు తోడుకున్నారు. లారీని ట్రాక్టర్‌కు కట్టి మఠానికి ఈడ్చుకొచ్చారు. ఈ పొద్దున రుద్రయ్య నలుగురినీ పోగేసి, అందరి ముందూ మౌలాలి దగ్గర తాళంచెవి లాక్కున్నాడు. "వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటినా నీ కంటికి కనపడలేదా? నమ్మకం లేనోడి చేతికి బండి ఇస్తే ఇట్లే అవుతాది. సాయంత్రానికి నీ మూట సర్దుకో" అన్నాడు. మౌలాలి ఏదో చెప్పబోయి తాత గది వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఉన్న ఒక్క బతుకుతెరువూ, దానికి మించి ఇన్నేళ్ల మంచిపేరూ పోతుంటే ఆ మనిషి నోరెందుకు మెదపలేదో సుంకన్నకు అర్థం కాలేదు. వంటశాల తలుపులోంచి చూస్తున్న అతనికి ఒళ్లు మండిపోయింది.

అదీ ప్రశ్న. తాత అంతా విని, తువ్వాలు భుజాన వేసుకొని లేచాడు. సుంకన్న గంటెతో సహా వెంట నడిచాడు. తాత తిన్నగా లారీ దగ్గరికి పోయి, దాని నీడలో కూర్చున్న మౌలాలిని అడిగాడు. "యాడ కారతాందప్పా?"

"కారడమే లేదు తాతా" అంటూ రుద్రయ్య ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. "కింద చూడండి, చుక్క తడి లేదు."

"నిన్ను అడగలేదు" అన్నాడు తాత.

మౌలాలి లేచి నిలబడ్డాడు. "నిలబడినప్పుడు కారదు తాతా. ఇంజన్ తిరిగి వేడెక్కితేనే కారతాది. కారింది కారినట్టు ఫ్యాను గాలికి ఎగిరిపోయి ఆరిపోతాంది. అందుకే కింద తడి ఉండదు. పొడి బూడిద కాస్త చల్లి ఇంజన్ తిప్పితే, యాడ తడిస్తే ఆడ మచ్చ పడతాది."

సుంకన్న పొయ్యిలో బూడిద తేవడానికి కదిలాడు. తాత చెయ్యి అడ్డం పెట్టి, తన నడుముకున్న విభూతి సంచి విప్పాడు. రుద్రయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. "తాతా, అది విభూతి" అన్నాడు. "బూడిదే కదా" అని తాత ముందుకు వంగి, ఇంజన్ మీద, పైపుల మీద, పంపు మీద తన చేత్తోనే చల్లాడు. చూస్తున్న భక్తుల్లో కొందరు చెంపలు వేసుకున్నారు. దేనికి వేసుకున్నారో వాళ్లకే తెలియాలి.

రేడియేటర్లో నీళ్లు నింపి, మీట నొక్కి కాసేపు ఇంజన్ తిప్పి ఆపారు; ఆ పాత బండికి తాళంచెవి తలుపుకే గానీ ఇంజన్‌కు కాదు. పైపుల మీద విభూతి తెల్లగా అట్లాగే ఉంది. ఫ్యాను వెనక, నీళ్లు తిప్పే పంపు కింద మాత్రం తడిసి నల్లటి చార దిగింది. మౌలాలి వేలుపెట్టి చూపించాడు. "పంపు లోపల నీళ్లు ఆపే సీలు అరిగిపోయింది తాతా. మొదటినుంచీ కారతాండేది ఇదే. పసుపు పోసినప్పుడల్లా నాలుగు రోజులు ఆగేది, మళ్లీ మొదలు. ఆ పసుపంతా పోయి రేడియేటర్ గొట్టాల్లో మేట వేసింది. నీళ్లు తిరగకపోతే ఇంజన్ కాగక ఏం చేస్తాది?"

"సీలు తేవాల్నా?"

"తెచ్చి పెట్టుకొని ఏడాదైంది తాతా. విప్పనిస్తే కదా." సామాన్ల పెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టిన కొత్త సీలు తీశాడు.

విప్పమన్నాడు తాత. మౌలాలి రేడియేటర్ దించి, కింది గొట్టంలోంచి ఎదురునీళ్లు పెట్టాడు. ముందు ఏమీ రాలేదు. తరవాత బురద వచ్చింది. పచ్చగా, చిక్కగా, కుళ్లిన వాసనతో ముద్దలు ముద్దలుగా మఠం వాకిట్లో పడింది. ఏడాదిగా వీళ్లు మహిమ అని మొక్కుతున్నది అదే. దాన్ని చూసైనా సిగ్గుపడతారనుకున్నాడు సుంకన్న. ఒక పెద్దావిడ గబగబా సీసా తెచ్చి ఆ నీళ్ల కింద పట్టింది, తీర్థమని.

తాత ఆమె వైపు చూశాడు. ఆయన గొంతు అంత కటువుగా ఉండటం సుంకన్న ఎప్పుడూ వినలేదు. "తాగుతావామ్మా? తాగుదువుగానీ. ముందు రుద్రయ్యకు ఒక గ్లాసు పొయ్యి."

ఆమె సీసా ఒంపేసింది. రుద్రయ్య ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగి నిలబడ్డాడు.

పొద్దు వాలేలోపు కొత్త సీలు పడింది, గొట్టాల్లో నీళ్లు తేటగా రావడం మొదలైంది, రేడియేటర్ తన చోటికి ఎక్కింది. మౌలాలి ఇంజన్ స్టార్టు చేసి కిందికి దిగాడు. "నేను ఇక్కడ నిలబడి పంపు చూస్తాండాను. లోపల ఎవరన్నా కూర్చొని వేడి ముల్లు యాడుందో చెప్పండి" అన్నాడు. సుంకన్న ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు వెనక అటూ ఇటూ వెతికాడు. స్పీడు చూపేది ఉంది, డీజిల్ చూపేది ఉంది. వేడి చూపే ముల్లు ఉండాల్సిన చోట తాత పటం ఉంది. నవ్వుతూ, అభయహస్తంతో, చుట్టూ జిగురు గట్టిగా పట్టి ఉంది.

"ముల్లు యాడ?" అన్నాడు సుంకన్న.

మౌలాలి తలవంచుకొని చెప్పాడు. "పూజ నాడు రుద్రయ్య సామి అంటించినాడు. వేరే చోట పెట్టండి, ముల్లు కనపడదు అంటే, తాత మొహం నీకు అడ్డమా అన్నాడు. మళ్లీ నేనేమనేది? నిన్న వాసన పట్టి ఆపినాను, అందుకే ఇంజన్ మిగిలింది."

పొద్దున నలుగురిలో నిలబెట్టి దొంగను చేసినట్టు చేస్తే, ఈ ఒక్క మాట చెప్పి మౌలాలి బయటపడి ఉండొచ్చు. చెబితే తాతను తప్పుపట్టినట్టవుతుందని మింగుకున్నాడు. పక్కనే నిలబడ్డ రుద్రయ్యకు అది తెలుసు. తెలిసే, ముల్లు చూడలేదా అని అడిగాడు. కళ్లు ఎర్రబడి సుంకన్న లారీలోంచి కిందికి దూకబోయాడు.

అప్పటికే తాత మెట్టు మీదికి ఎక్కి ఉన్నాడు. లోపలికి వంగి ఆ పటాన్ని కాసేపు చూసి, గోటితో గీకడం మొదలుపెట్టాడు. పటం సగం చినిగి ఊడివచ్చింది. వెనక అద్దంలో ముల్లు గీతకు బాగా కింద, నిమ్మళంగా ఆడుతోంది. "తాళంచెవి ఆయన చేతికి ఇయ్యి" అన్నాడు రుద్రయ్య వైపు తిరగకుండానే. రుద్రయ్య ఇచ్చాడు. ఇస్తూ నేల చూశాడు. మౌలాలి బోరు దగ్గరికి పోయి ట్యాంకు నింపుకొని, తండా దారి పట్టాడు.

వాకిట్లో సుంకన్న ఒక్కడే మిగిలాడు. గంటె ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. పొద్దున అడిగినదానికి జవాబు రాలేదు, కోపం రెట్టింపయింది. తాత అతని దగ్గరికి వచ్చి, చినిగిన ఆ పటాన్ని చేతిలో పెట్టాడు.

"కోపాన్ని చంపుకునే ఉపాయం అడిగితివి కదా సుంకన్నా. మన మఠంలో ఉండేది ఇదొక్కటే. కావాలంటే తీసుకపోయి ఎద మింద అంటించుకో, ముల్లు కనపడదు."